ఆరు మిల్లీమీటర్ల తేడా

మాది బొబ్బిలి పక్క ఊరు. వీణలు చేసే గొల్లపల్లికి మా ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లిపోవచ్చు. పనస దుంగను ఒకే ముక్కగా తొలిచి ఏకాండి వీణ చేస్తుంటే చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. ఉలి మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. నలభై రెండేళ్లు వచ్చాక నార్త్ కరోలినా పడమటి కొండల్లో, ఒక జానపద కళల బడిలో పట్టుకున్నాను. ఐదు రోజుల క్లాసు. చెయ్యాల్సింది మౌంటెన్ డల్సిమర్ అనే తీగల వాయిద్యం.

ఫోన్లో చెబితే అమ్మ నవ్వింది. "ఏటిరా, బొబ్బిలి పక్కన పుట్టి వీణ చెయ్యడం నేర్చుకోడానికి అమెరికా కొండలెక్కావా?" అంది. అది వీణ కాదమ్మా అనబోయి ఆగాను. దూరపు చుట్టరికమేదో ఉన్నట్టే అనిపిస్తుంది మరి. దీన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారు. మూడో నాలుగో తీగలుంటాయి. పాత పద్ధతిలో పాటంతా ఒక తీగ మీదే నడుస్తుంది, మిగిలినవి తంబురాలాగా శ్రుతి పలుకుతూ ఉంటాయి. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్న షైట్‌హోల్ట్ అనే వాయిద్యం నుంచి ఇది అపలాచియన్ కొండల్లో పుట్టిందంటారు. కెంటకీలో జేమ్స్ ఎడ్వర్డ్ థామస్ అనే ఆయన 1871 నుంచే వీటిని చేసేవాడట. ఆ రాష్ట్రంలోనే వైపర్ అనే ఊళ్లో పుట్టిన జీన్ రిచీ న్యూయార్క్ చేరి పాడటం మొదలుపెట్టాక, 1950ల తర్వాత ఈ వాయిద్యం బయటివాళ్లకు బాగా తెలిసింది.

క్లాసులో ఎనిమిది మందిమి. చిత్రిక పట్టడం రానివాణ్ణి నేనొక్కణ్ణే. మొదటి రోజు పని వినడానికి చాలా తేలిక: వాల్‌నట్ పలకను మందంలో రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పరిచి, అంచులు కలిపి అంటించడం. అలా చేస్తే చెక్కలోని చారలు అటూ ఇటూ అద్దంలో చూసినట్టు వస్తాయి. కానీ ఆ రెండు అంచులనూ ఆనించి కిటికీకి ఎదురుగా పెడితే మధ్యలోంచి వెలుతురు రాకూడదు. నాకు పొద్దున్నంతా వస్తూనే ఉంది.

రెండో రోజు పక్కచెక్కలు వంచాలి. రెండు మిల్లీమీటర్ల మందం పట్టీలను నీళ్లలో నానబెట్టి, లోపల మంట పెట్టిన ఇనప గొట్టానికి అదుముతారు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. కాసేపటికి చెక్క మెత్తబడి చేతికి లొంగుతున్నట్టు తెలుస్తుంది. ఆ క్షణం దాకా ఆగాలి. నేను ఆగలేదు. సన్నటి నడుము వంపు దగ్గర ఫట్‌మంది. మాస్టారు ఏమీ అనకుండా ఇంకో పట్టీ అందించారు. డెబ్బై దాటిన మనిషి. అందరూ ఆయన్ను పేరు పెట్టే పిలుస్తున్నారు గానీ నాకు నోరు రాలేదు.

అసలు కథ మూడో రోజు, స్వరానికొకటిగా తీగ నొక్కే మెట్ల దగ్గర. తీగ పొడవు 27 అంగుళాలు. ఏ మెట్టు ఎక్కడ రావాలో ముందు రాత్రే ఎక్సెల్‌లో లెక్క కట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, లెక్కలో తప్పు లేదు. కానీ ఒక్కో మెట్టునూ మేరువు నుంచి, అంటే తీగ మొదలయ్యే చోటు నుంచి కొలవకుండా, వెనక గీసిన గీత నుంచి కొలుచుకుంటూ పోయాను. పెన్సిల్ గీత మందం ముప్పావు మిల్లీమీటరు. ప్రతిసారీ ఆ మందం కలుస్తూ వచ్చింది. గీసి, రంపంతో మెట్లు దిగే గాడులు కూడా కోసేశాను. మాస్టారు వచ్చి టేపు పెట్టారు. ఏడో మెట్టు తారషడ్జం, అంటే పై స. అది తీగకు సరిగ్గా సగంలో, పదమూడున్నర అంగుళాల దగ్గర ఉండాలి. మధ్యలో ఆరున్నర అని ఒక మెట్టుంటుంది కాబట్టి అది ఎనిమిదో గీత. ఎనిమిది ముప్పావులు ఆరు. నా గాడి ఆరు మిల్లీమీటర్లు అవతల ఉంది.

చెమట పట్టింది. వీణకైతే మెట్లు మైనం మీద ఉంటాయి, మైనం వెచ్చబెట్టి జరుపుకోవచ్చు అని గొణిగాను. మాస్టారు రంపం పక్కన పెట్టేశారు. "మైనం మీదా? ఎన్ని మెట్లు?" ఇరవై నాలుగన్నాను. ఫోన్లో ఫొటోలు చూపించాను. మైనంలో ఏం కలుపుతారు, ఎండకు కరగదా అని అడుగుతూనే ఉన్నారు. నాకు సగమే తెలుసు. పుట్టిన ఊరి గురించి పరాయి దేశంలో నీళ్లు నమలడం టెన్షన్ కాదు, సిగ్గు.

తర్వాత ఇద్దరం కూర్చున్నాం. మొదటి రెండు గాడుల తేడా చెవికి అందదని వదిలేశారు. మిగతా ఆరింటిలో మెట్ల పట్టీకి వాడిన మేపుల్ చెక్క పేళ్లే జిగురు పెట్టి దూర్చి, చదును చేసి, ఈసారి ప్రతిదీ మేరువు నుంచే కొలిచి పక్కన కొత్తగా కోశాను. పాత గాడుల చోట ఆరు సన్నటి చారలు మిగిలాయి. రంగు వేసి కప్పెయ్యనా అంటే మాస్టారు తల అడ్డంగా ఊపారు.

నాలుగో రోజు పైపలకకు హృదయం ఆకారంలో నాలుగు రంధ్రాలు కోసి, పెట్టె మూసి, చుట్టూ క్లాంపులు బిగించాం. ఐదో రోజంతా ఉప్పుకాగితం, నూనె. సాయంత్రానికి తీగలెక్కాయి.

వదిలిన తీగ నుంచి వరసగా మెట్లు నొక్కుతూ పోతే వచ్చినవి హరికాంభోజి రాగం స్వరాలు. ఆరో మెట్టు బదులు ఆరున్నర నొక్కితే కాకలి నిషాదం, అంటే ఇంకాస్త పై ని పలికి శంకరాభరణం అవుతుంది. పాత డల్సిమర్లకు ఆ మెట్టు ఉండేది కాదట.

ఇంటికొచ్చి వీడియో కాల్‌లో అమ్మకు వాయించాను. ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. కళ్లు మూసుకుని విని, శ్రుతి బానే ఉందంది. తర్వాత ఫోను దగ్గరగా పెట్టమంది.

"మెట్ల పక్కన ఆ చారలేటిరా?"

జరిగింది చెప్పాను.

"అక్కడ మైనం దొరకదేటి?" అంది.