శొంఠిగాడి కంపు వదిలింది!

మా మగపిల్లి శొంఠిగాడికి వృషణాలు తీసేసే ఆపరేషన్ అయ్యి నేటికి నలభై రోజులు. నిన్న అమ్మ ఊరి నుంచి వచ్చి, గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి "సాంబ్రాణి వేశావా?" అంది. వేయలేదు. ఇల్లు మామూలు ఇల్లులా ఉంది, అంతే.

ఏడు నెలల వరకూ వాడు ఇసుక ట్రేలోనే బుద్ధిగా పోసేవాడు. ఒకరోజు కర్టెన్‌కి వీపు పెట్టి నిలబడి, తోక నిటారుగా లేపి, కొస వణికిస్తూ పిచికారీ కొట్టాడు. ఆ కంపు గొంతులోకి దిగి కూర్చుంది. మొదట చూపించిన డాక్టర్ పిల్లిని ముట్టుకోకుండానే "ఇన్ఫెక్షన్" అని, రెండు వేల రూపాయల మేత బస్తా అంటగట్టాడు. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అసలు పరువు పోయింది ఆఫీసులో. సోమవారం రివ్యూ మీటింగ్, తలుపులు మూసి ఏసీ వేశారు. పది నిమిషాలకి ఒక్కొక్కరూ ముక్కు రుద్దుకోవడం మొదలెట్టారు. "ఏసీలో ఎలక చచ్చినట్టుంది" అన్నారు మేనేజర్. నేనూ "అవునండీ, ఎలకే" అన్నాను. హౌస్‌కీపింగ్ అబ్బాయి స్టూలెక్కి ఫిల్టర్ విప్పి చూశాడు. ఏమీ లేదు. దిగి, వాసన పట్టుకుంటూ వచ్చి నా కుర్చీ దగ్గర ఆగాడు. వంగి నా ల్యాప్‌టాప్ బ్యాగు చూసి, "ఎలక కాదు మేడమ్, గండుపిల్లి" అన్నాడు. పన్నెండు మంది నా వైపే. బ్యాగు అడుగున పసుపు మరక, ఇంకా తడిగానే ఉంది. మెట్రోలో నా పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడర్థమైంది.

సాయంత్రమే ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ముందు మూత్రం పరీక్ష చేయించింది, ఏ దోషమూ లేదు. ఈడొచ్చిన మగపిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం బాగా పెరుగుతుందట. మగ హార్మోన్ వల్లే అంతగా తయారవుతుంది, ఆ ఫెలినిన్ విరిగితే ఈ గంధకపు కంపు. ఇంకో మాట గట్టిగా చెప్పింది: మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, నాళం మూసుకుపోతే ప్రాణానికే ముప్పు.

ఆ హార్మోన్ తగ్గాలనే ఆపరేషన్ చేయించాను, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో. "మగపుట్టుక పుట్టినవాణ్ణి అన్యాయం చేశావే" అని అమ్మ ఫోన్లో రెండు రోజులు సాధించింది. ఆవిడ కర్టెన్లు ఉతికుంటే తెలిసేది!

కంపు ఆ రోజే పోదు, హార్మోన్ దిగడానికి కొన్ని వారాలు పట్టింది. పాత మరకలకి ఫినాయిల్ జోలికి పోకండి. నేను వారం రోజులు తుడిచాక తెలిసింది, అది పిల్లులకి విషమని. బ్లీచింగూ వద్దు, మూత్రంతో కలిస్తే ఘాటు పొగలొస్తాయి. ఎంజైమ్ ద్రావణం పోసి, బాగా నాననిచ్చి తుడిస్తే వదిలింది.

బ్యాగు మాత్రం పారేశాను. ఆ అబ్బాయి ఇప్పటికీ కాఫీ ఇస్తూ "మీ వాడు బాగున్నాడా మేడమ్?" అని అందరి ముందూ అడుగుతాడు.