క్లార్క్స్, ట్రాన్సిస్టరు, ఒక తోకచుక్క

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక సంఘం వారు వ్యాసం అడిగినప్పుడు నేను ప్రార్థన సమావేశాల గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి మన క్లాసు లీడరు ఎలాగూ రాస్తాడు. గీక్, నెర్డ్ అని ఏదో ఒక విషయంలో మునిగిపోయేవాళ్లకు ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి, ఆ రెంటికీ తేడా ఏమిటని ఉద్యోగంలో నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నకు జవాబు మన తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లోనే దొరికింది కాబట్టి నేను దానికే పరిమితమవుతాను.

బెంగళూరులో మా సంస్థకు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను ఎంపిక చేసే బాధ్యత చాలా ఏళ్లుగా నాది. చిత్తూరు నుంచి తెలుగు మీడియంలో వెళ్లినవాడు ఆ కుర్చీలో కూర్చుంటాడని మన ఇంగ్లీషు మేడం అనుకొని ఉండరు. నా ఎదుట కూర్చునే పిల్లల్లో కొందరు తాము గీక్‌లమని, మరికొందరు నెర్డ్‌లమని గర్వంగా చెప్పుకుంటారు. ఒకప్పుడు అమెరికా బడుల్లో తిట్లుగా వాడిన ఈ మాటలు, కంప్యూటర్లు డబ్బు తెచ్చిపెట్టడం మొదలయ్యాక బిరుదులుగా మారాయి. ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగితే, నలుగురిలో కలవలేనివాడు నెర్డ్ అని, కలవగలిగినవాడు గీక్ అని ఎక్కువమంది చెబుతారు. ఆ జవాబు నాకు ఎన్నడూ రుచించలేదు. నలుగురిలో కలవలేనివాళ్లు మన సెక్షన్‌లో సగం మంది ఉండేవారు, అయినా వాళ్లలో గుణకారాన్ని కూడికగా మార్చే లాగరిథమ్ తెలిసినవాడు ఒక్కడే.

ఆ ఒక్కడు క్లార్క్స్. గుణకారం చేయాల్సి వచ్చినా క్లార్క్స్ టేబుల్స్ అనే లాగరిథమ్ పట్టికల పుస్తకమే తెరిచేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది, కలెక్టరాఫీసులో క్లర్కు ఉద్యోగం ఖాయమన్న జోకూ దానితోపాటే వచ్చింది. రెండో బెంచీలో మేం ట్రాన్సిస్టరు అని పిలిచే ఇంకొకడు. రాత్రిళ్లు షార్ట్‌వేవ్‌లో మాస్కో, కొలోన్ నగరాల రేడియోలు విని, ప్రసారం ఎంత స్పష్టంగా వినబడిందో వాళ్లకు ఉత్తరం రాసి, వాళ్లు పంపిన రంగుల కార్డులను అట్టపెట్టెలో దాచుకునేవాడు. పరీక్షల్లో అతని మార్కుల సంగతి ఇక్కడ రాయడం భావ్యం కాదు. హాలీ తోకచుక్క వస్తోందని తెలిసిన నాటి నుంచి అతడు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాడు. పేపరు కత్తిరింపులు, తోకచుక్కను కలవడానికి వెళ్లిన అంతరిక్ష నౌకల పేర్లు, 1910లో భూమి దాని తోకలోంచి పోతుందని జనం భయపడి మాత్రలు కొనుక్కున్న కథ, 1986 జనవరిలో కావలూరులో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శిని ఫోటో, అన్నీ మైదా జిగురుతో అందులో అంటించాడు. మార్చిలో జొట్టో అనే నౌక దాని కేంద్రకానికి దాదాపు 600 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లిందని, ఆ కేంద్రకం బొగ్గు కన్నా నల్లగా, 15 కిలోమీటర్ల పొడవున ఉర్లగడ్డ (బంగాళాదుంప) ఆకారంలో ఉందని రేడియోలో విని వచ్చి, మధ్యాహ్నం అన్నాల గంటలో కనబడినవాడికల్లా చెప్పాడు. నాకు మూడుసార్లు చెప్పాడు.

ఫిజికల్ సైన్సు చెప్పే మన పీఎస్ సారు మమ్మల్ని కట్టమంచి చెరువు కట్ట మీదికి తీసుకువెళ్లింది 1986 ఏప్రిల్ 9 రాత్రి, కొత్త అమావాస్య నాడు. తెల్లవారితే ఉగాది. అమావాస్య రాత్రి పిల్లలను చెరువు కట్టకు పంపడమేమిటని లీడరు అవ్వ బడి దాకా వచ్చి తగవు పెట్టుకుంది. వెన్నెల ఉంటే అది కనపడదమ్మా, డెబ్బై ఆరేళ్లకోసారి వచ్చే చుట్టానికి తిథి మనం పెట్టలేము అని సారు ఆమెను ఒప్పించారు. ఎర్ర జిలుగు కాగితం చుట్టిన టార్చి పట్టుకునే పని నాకు అప్పజెప్పారు.

అర్ధరాత్రి దాటాక దక్షిణాన, కట్ట మీద చింతచెట్టుకు పైన, ఒక మసక ముద్ద కనిపించింది. క్యాలెండరు బొమ్మలో ఉన్నంత తోక ఆశించి వచ్చినవాళ్లకు అది చాలలేదు. "ఏమిరా, దీనికేనా నిద్ర చెరుపుకునింది?" అని లీడరు అననే అన్నాడు. ట్రాన్సిస్టరు మాత్రం సారు తెచ్చిన బైనాక్యులరును ఎవరికీ ఇవ్వకుండా చూస్తూ ఉండిపోయాడు. క్లార్క్స్ ఒక్క క్షణం తలెత్తి, సరే ఉంది అని నిర్ధారించుకొని, నా టార్చి కింద కూర్చున్నాడు.

ఇది ఎంత దూరం పోయి తిరిగి వస్తుందని సారు అడిగిన ప్రశ్న ఒక్కటే అతనికి పట్టింది. సూర్యుడి చుట్టూ తిరిగే కాలం వర్గం, సూర్యుడి నుంచి సగటు దూరం ఘనం ఒకే నిష్పత్తిలో పెరుగుతాయన్న కెప్లర్ నియమం మన పాఠంలో లేదు. ఇంటర్ చదివే తన అన్న పుస్తకంలో దానిని చూసి వచ్చాడు. 76 ఏళ్లకు లాగు (లాగరిథమ్) 1.8808, రెండింతలు చేస్తే 3.7616, మూడుతో భాగిస్తే 1.2539, దాని యాంటీలాగు 17.94. అంటే సూర్యుడికీ భూమికీ ఉన్న దూరానికి దాదాపు పద్ధెనిమిది రెట్లు. దానిని రెట్టింపు చేసి అక్కడ ఆగిపోయాడు, ఎందుకంటే అందులోంచి తీసివేయవలసిన అంకె, సూర్యుడికి అది అతి దగ్గరగా వచ్చే దూరం, అతనికి తెలియదు. ట్రాన్సిస్టరు బైనాక్యులరు దించకుండానే "సున్నా పాయింట్ ఐదు తొమ్మిది, ఫిబ్రవరి తొమ్మిదో తేదీ" అన్నాడు. జవాబు 35 రెట్లకు కొంచెం పైన తేలింది. నెప్ట్యూన్ 30 రెట్ల దగ్గరే ఉంటుంది కాబట్టి అది నెప్ట్యూన్‌ను దాటి పోయి వస్తుందని క్లార్క్స్ ప్రకటించాడు. ఆ తర్వాత అతడు ఆకాశం వైపు చూసినట్టు నాకు గుర్తు లేదు.

"వీడి దగ్గర అంకె ఉండాది, వాడి దగ్గర లెక్క ఉండాది. రేపట్నుంచి ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చోండిరా" అన్నారు సారు. వారం తిరగకముందే ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారన్నది వేరే సంగతి.

నేను ఇంటర్వ్యూలలో వెతికేది ఆ తేడానే. గీక్‌కు వస్తువు మీద ప్రేమ. దాని పేర్లు, తేదీలు, రకాలు అన్నీ తన దగ్గర ఉండాలి, వాటిని ఇంకొకరికి చూపించనిదే అతనికి తోచదు. నెర్డ్‌కు వస్తువు ఒక సాకు, దాని వెనక ఉన్న కారణం దొరికితే వస్తువును అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు, పక్కన మనిషి ఉన్నాడో లేదో కూడా చూడడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగే మేనేజర్లు మా సంస్థలోనూ ఉన్నారు, వాళ్లకు నేను జవాబు చెప్పను. నా బృందంలో మాత్రం ఇద్దరినీ పెట్టుకుంటాను, ఒకే బెంచీలో కూర్చోబెట్టను. రెండూ తానేనని చెప్పుకునే కుర్రవాణ్ణి రెండో రౌండుకు పిలవను. ఇది అన్యాయమని మా ఆవిడ అంటుంది.

పదో తరగతి గురించి రాయడానికి నాకేమీ లేదు, 1987లో అందరం పాసయ్యాం, అంతే. క్లార్క్స్ తిరుపతిలో లెక్కలు చెబుతున్నాడు, ఆ రాత్రి సంగతి అడిగితే "చెరువు కట్టా?" అన్నాడు. ట్రాన్సిస్టరు, లైసెన్సు తీసుకొని, ఔత్సాహికులు నడిపే హామ్ రేడియో నడుపుతున్నాడు. క్లార్క్స్ చెరువు కట్ట మీద పారేసిన లెక్క కాగితం ఆ నోటుబుక్కులో, జొట్టో బొమ్మ పక్కన, తేదీ వేసి అంటించి ఉంది. సమ్మేళనంలో నలుగురూ చూసేలా పెడదాం, తెమ్మని మొన్న ఫోనులో అడిగాను. పుస్తకం ఇల్లు దాటదని, కావాలంటే జిరాక్సు ఇస్తానని, అది కూడా రెండు వైపులా తీయించుకొమ్మని చెప్పాడు.