హోల్‌ను వెనక నుంచి చూడండి

కార్బన్ ఫైబర్ పార్టులు మెషినింగ్ చేస్తానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: ఏ టూల్ వాడతావు? నేనైతే పార్టును దేని మీద కూర్చోబెట్టారో ముందు చూస్తాను.

మోల్డ్‌లోంచి తీసిన పార్టు డ్రాయింగ్‌లో ఉన్నట్టే రాదు. 90 డిగ్రీల మూల చల్లారాక కాస్త లోపలికి ముడుచుకుంటుంది. ఫైబర్ పొడవునా దాదాపు కదలిక ఉండదు, పొరల మందంలో మాత్రం రెజిన్ (ఫైబర్ పొరలను పట్టి ఉంచే జిగురు) బాగా కుంచించుకుపోతుంది. అలాంటి పార్టును క్లాంపులతో బలవంతంగా అదిమి అంచు కోస్తే, క్లాంపు వదలగానే అది తన వంపుకి పోతుంది, కొలతలు దానితోపాటే పోతాయి. అందుకే ఆ వంపుకి తగ్గట్టు చేసిన, గాలి పీల్చి పార్టును పట్టి ఉంచే వాక్యూమ్ ఫిక్స్చర్ వాడతాను. కొలతలన్నీ మోల్డ్‌కి ఆనిన వైపు నుంచే. బ్యాగ్ వైపు, అంటే తయారీలో ప్లాస్టిక్ బ్యాగ్ కప్పిన వైపు, మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, దాన్ని నమ్మలేం.

డ్రిల్లింగ్‌లో టెన్షన్ అంతా డ్రిల్ బయటికొచ్చే చోటే. ఆఖరి రెండు మూడు పొరలు మిగిలేసరికి డ్రిల్ వాటిని కోయకుండా తోసేస్తుంది, పొరలు విడిపోతాయి. పై నుంచి చూస్తే హోల్ నున్నగా ఉంటుంది. తిప్పి చూస్తే చుట్టూ పెచ్చు లేచి ఉంటుంది! వెనక బ్యాకింగ్ ముక్క గట్టిగా ఆనిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మధ్యలో సందు ఉందా, ఆ ముక్క ఉన్నా లేనట్టే. చివర్లో ఫీడ్ (డ్రిల్ లోపలికి దిగే వేగం) కూడా తగ్గించాలి.

టూల్ సంగతీ చెప్పాలిగా. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ ఇట్టే మొద్దుబారుతుంది. డైమండ్ కోటింగ్ ఉన్న కార్బైడ్ గానీ, పీసీడీ (కృత్రిమ వజ్రపు అంచున్న టూల్) గానీ తీసుకోండి. ఖరీదే, కానీ మొద్దు టూల్‌తో పాడైన పార్టు ఇంకా ఖరీదు. అంచున ఫైబర్లు నూగులా మిగులుతుంటే టూల్ అరిగిందేమో చూసుకోండి.

కోసేటప్పుడు లేచే కార్బన్ దుమ్ము కరెంటును ప్రవహింపజేస్తుంది, మెషిన్ కరెంటు ప్యానెల్‌లోకి దూరితే షార్ట్ అవుతుంది. ఊపిరితిత్తులకూ మంచిది కాదు. కటర్ పక్కనే సక్షన్, మూతికి సరైన మాస్క్ ఉండాల్సిందే. ఎయిర్ గన్‌తో ఊదేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కోసిన అంచుకు పల్చగా ఎపాక్సీ పూసి సీల్ చేస్తాను. పైభాగానికి వాటర్ పేపర్, ఆ తర్వాత ఎండకు తట్టుకునే క్లియర్ కోట్. రుద్దేటప్పుడు నీళ్లు తెల్లగా వస్తున్నంతసేపూ రెజినే అరుగుతోంది. నల్లబడితే ఫైబర్ దాకా వెళ్లారు, అక్కడ చెయ్యి ఆపేయండి.