నీలం కిటికీ

ఔట్ అనే ఊరి దగ్గర మనాలి హైవే వదిలి బంజార్ వైపు తిరిగాక బస్సు కిటికీలోంచి చూపు తిప్పుకోలేకపోయాను. అక్టోబర్ నెల. వానలు వెళ్ళిపోయి ఆకాశం కడిగినట్టుంది. ఇళ్ళ పలకరాతి కప్పుల మీద మొక్కజొన్న కంకులు ఆరబోసి ఉన్నాయి. హిమాచల్‌లోని కుల్లూ జిల్లాకు నేను వచ్చింది ఆ ఇళ్ళ కోసమే, వాటిని బ్లాక్ అండ్ వైట్‌లో తీద్దామని.

వీటిని కాఠ్‌కుణీ ఇళ్ళంటారు. కాఠ్ అంటే మన కాష్ఠమే. కుణీ అంటే మూల. ఒక వరస దేవదారు దుంగలు, ఒక వరస రాళ్ళు, మళ్ళీ దుంగలు. మధ్యలో సిమెంటు లేదు, సున్నం లేదు. భూమి కదిలినప్పుడు రాళ్ళు కొద్ది కొద్దిగా జరిగి ఆ ఊపును మింగేస్తాయి. కప్పు బరువు గోడను అదిమి పట్టుకుంటుంది. కింద పశువులు, పైన మనుషులు. పశువుల వెచ్చదనం పైకి చేరుతుంది కాబట్టి చలికాలం కాస్త తేలిగ్గా గడుస్తుంది.

మొదటి రోజు తీసినవన్నీ పాడయ్యాయి. కంటికి ఎంతో బాగున్న ఫ్రేము, వెనక పచ్చటి అడవి, ముందు ఎర్ర రేకుల కప్పు. తీరా చూస్తే రెండూ ఒకే బూడిద రంగు. ఇల్లు అడవిలో కలిసిపోయింది. రంగులో ఎంత తేడా ఉన్నా వెలుగులో తేడా లేకపోతే బ్లాక్ అండ్ వైట్‌లో ఏమీ మిగలదు. ఈ సంగతి పుస్తకాల్లో చదివిందే, అయినా ఆ రాత్రి గదిలో కూర్చుని ఒక్కో ఫోటో చూస్తుంటే చాలా బాధేసింది.

మర్నాడు కెమెరాలో ఎరుపు ఫిల్టర్ సెట్టింగ్ పెట్టాను. అది ఎర్రటి వాటిని తెల్లబరుస్తుంది, నీలాన్ని, ఆకుపచ్చను నల్లబరుస్తుంది. నీలాకాశం చిక్కబడింది, దేవదారు అడవి నల్లగా వెనక్కి తగ్గింది, కప్పు మీది కంకులు తెల్లగా వెలిగాయి. దూరపు కొండల మీది పల్చటి మసక కూడా తగ్గి గీతలు తేలాయి.

శృంగ ఋషి గుడి దగ్గర నుంచి ఏటవాలు దారిలో చైనీ ఊరికి ఎక్కాను. ఆ ఋషి మన రామాయణంలోని ఋష్యశృంగుడేనని అక్కడివాళ్ళ నమ్మకం. ఊళ్ళో చైనీ కోఠీ అనే ఎత్తైన బురుజు ఉంది, అదీ రాయీ దేవదారే. 1905 కాంగ్రా భూకంపంలో పై అంతస్తులు కొన్ని పోయాయంటారు. మిగిలింది చూడ్డానికే మెడ పూర్తిగా వెనక్కి వాల్చాలి. కింద నిలబడి కెమెరా పైకెత్తితే బురుజు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. అందుకని పక్కనున్న గట్టెక్కి, దాని నడుము ఎత్తుకు చేరి, ఎండ కోసం కూర్చున్నాను.

నాలుగు దాటాక ఎండ పక్కనుంచి గోడను తాకింది. అంతవరకూ చదునుగా కనిపించిన గోడ ఒక్కసారిగా వరసలు వరసలుగా విడిపోయింది. ప్రతి దుంగ కింద సన్నటి నీడ. ఏళ్ళ తరబడి ఎండావానా తిన్న దేవదారు వెండిలా నెరిసింది. దాని మీద గొడ్డలి గాట్లు, పగుళ్ళు, మూలన ఒకదాని మీదుగా ఒకటి బయటికొచ్చిన దుంగల కొనలు. వాటిని తాకకుండా ఎంత దగ్గరికి వెళ్ళగలనో అంత దగ్గరికి వెళ్ళి తీశాను. ఈ చెక్క తనంతట తానే బ్లాక్ అండ్ వైట్ అయిపోయిందనిపించింది.

దిగి వచ్చే దారిలో ఒక పెద్దావిడ వాకిట్లో గడ్డి మోపు విప్పుతోంది. "మాతాజీ, ఇల్లు ఫోటో తీసుకోవచ్చా?" అని హిందీలో అడిగాను. తీసుకోమంది. తీశాక, అంత సేపట్లో నాకు అన్నిటికంటే నచ్చిన ఆ ఫోటోనే తెర మీద చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, వేలితో కిటికీ మీద తట్టింది.

"ఇది నల్లగా ఉందేం, బేటా? ఈ వేసవిలోనే నా చేత్తో నీలం వేశాను."

తలెత్తి చూశాను. నిజమే, కిటికీ చట్రం అంతా మెరిసే నీలం. అరగంట నుంచి ఎదురుగా నిలబడి కూడా దాన్ని నేను చూడనేలేదు. నేను చూసినదల్లా గోడ వరసలు, నీడలు. నేను పెట్టిన ఫిల్టర్ ఆవిడ రంగును తారుగా మార్చేసింది. సర్దిచెప్పడానికి నోటికి మాట రాలేదు.

రా (RAW) ఫైళ్ళలో, అంటే కెమెరా ఏ మార్పూ చెయ్యకుండా దాచే అసలు ఫైళ్ళలో, రంగు ఎక్కడికీ పోదు. బసకు వచ్చాక ల్యాప్‌టాప్‌లో ఆ ఫోటో తెరిచి ముందు నీలం వెనక్కి తెచ్చాను. తర్వాత బ్లాక్ అండ్ వైట్‌లోనే నీలాన్ని కాస్త తెల్లబరిచి చూశాను. కిటికీ వెలిగింది గానీ ఆకాశం వెలవెలబోయింది, గోడ బరువు తగ్గింది. ఎంత సర్దినా రెండూ కుదరలేదు.

నా గోడకి నల్ల కిటికీ ఫోటోనే పెట్టుకున్నాను. చైనీకి పోస్టు చేసిన కవర్లో మాత్రం రంగు ఫోటో పెట్టాను.