బత్తాయి వేరుకుళ్లు: మందుకు లొంగుతోందా లేదా తేల్చడానికి నేను పడ్డ పాట్లు

వేరుకుళ్లుకు మెటలాక్సిల్ పోసినా చెట్టు తేరుకోకపోతే తోటల్లో వినిపించే మాట ఒకటే: రోగం మందుకు అలవాటు పడింది. అది నిజమో కాదో నల్లగొండ జిల్లా బత్తాయి తోటల్లో చూడడమే నా ఎమ్మెస్సీ పని.

అనుమానానికి కారణం లేకపోలేదు. ఈ మందు, వేరుకుళ్లు తెచ్చే బూజులాంటి జీవి ఫైటోఫ్తొరాలో ఒక్క చోటే దెబ్బకొడుతుంది, ఆర్ఎన్ఏ తయారీని ఆపుతుంది. ఆ ఒక్క చోటు మారితే చాలు, మందు దండగ. 1980లోనే ఐర్లండ్ ఆలుగడ్డ పొలాల్లో ఇది చేతులెత్తేసింది. పలుచోట్ల దెబ్బకొట్టే మాంకోజెబ్ అనే మందుతో కలిపి అమ్మడం అందుకే.

పాదులో తవ్వి పీచు వేర్లు తీసి రెండు వేళ్లతో లాగితే పైతోలు ఊడి చేతికొచ్చేది, లోపల దారంలాంటి నడిమి భాగం మిగిలేది. ఆ మట్టిని ల్యాబ్‌లో నీళ్లలో నానబెట్టి, పైన నిమ్మాకు ముక్కలు తేలేశాను. నీళ్లలో ఈదే ఫైటోఫ్తొరా బీజాలు కోసిన అంచుకు చేరి రెండు మూడు రోజుల్లో మచ్చ పెడతాయి. చెప్పినంత సులువు కాదు. ఆ మచ్చను ల్యాబ్ ప్లేట్లో పెంచబోతే, మట్టిలోనే ఉండే పిథియం అనే దాని చుట్టం ఫైటోఫ్తొరా కంటే వేగంగా పెరిగి ప్లేటంతా కమ్మేస్తుంది. పిథియంను అణిచే హైమెక్సజోల్ కలిపిన మీడియా (ప్లేట్లో పోసే మేత) దొరికేదాకా నాకు నిద్ర లేదు.

మందు కలిపిన ప్లేట్లో ఫైటోఫ్తొరా పెరుగుతుందా, ఆగుతుందా అని చూసే పరీక్షకు షాపు ప్యాకెట్ పనికిరాదు. అందులో మెటలాక్సిల్ 8 శాతమే, మాంకోజెబ్ 64 శాతం. పెరుగుదల ఆగినా ఎవరి పుణ్యమో తెలియదు. శుద్ధమైన మెటలాక్సిల్ తెప్పించుకునే టెన్షనే అన్నిటికంటే పెద్దది.

కొన్ని చెట్ల వేర్లలో అసలు ఫైటోఫ్తొరాయే లేదు, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వచ్చింది. అది ఎండు వేరుకుళ్లు. మెటలాక్సిల్ దాన్ని తాకనే తాకదు, ఇక అలవాటు పడే మాటెక్కడిది? మిగతావాటిలో ఎక్కువ భాగం తక్కువ మోతాదుకే ఆగిపోయాయి. పల్లంలో ఉన్న ఒక తోటది మాత్రం మందున్న ప్లేట్లో, లేని ప్లేట్లో ఒకేలా పెరిగింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే.

ఆ రైతుకు మెటలాక్సిల్ ఆపి ఫోసెటైల్ అనే వేరే మందు వాడమని, మొదలుకు నీళ్లు తగలకుండా చుట్టూ రెండు గట్లుండే డబుల్ రింగ్ పాదులు చేయమని చెప్పాను. ఆయన అంతా విని, "మీదికెల్లి పక్కాయన తోట నీళ్లు మా దాంట్లకే వస్తయి బిడ్డా, ఆయన మట్టి గూడ చూస్తవా?" అన్నాడు. థీసిస్ లెక్కలో ఆ తోట లేదు. అయినా సంచి పట్టుకుని గట్టెక్కాను.