లేడీ తర్వాత ఏ పేరు?

బ్రిటన్ బిరుదుల్లో మన పత్రికలు, అనువాదాలు తరచుగా తప్పు రాసేది ‘లేడీ’ దగ్గరే. ‘లేడీ ఎడ్వినా మౌంట్‌బాటెన్’ అన్న పేరు చూడని తెలుగు పాఠకులు తక్కువ. ఆవిడకు ఆ పేరు ఒక్కరోజు కూడా లేదు.

లేడీ అన్న మాట ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. దాని వెనక ఏ పేరు వచ్చిందన్నదే అసలు సంగతి. ఆమె సొంత పేరు వస్తే, దాదాపు ఎప్పుడూ, అది పుట్టింటి హోదా: తండ్రి డ్యూకో, మార్క్విసో, ఎర్లో అయి ఉంటాడు (పైనుంచి కిందికి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్: ఈ ఐదు హోదాల వాళ్లనే పీర్లు అంటారు). భర్త పేరు వస్తే, ఆ భర్త ఒక డ్యూక్‌కో మార్క్విస్‌కో చిన్న కొడుకు. ఇంటిపేరో, ఊరిపేరుతో ఉన్న బిరుదో వస్తే అది భర్త హోదా వల్ల వచ్చినది, లేదా ఆమే స్వయంగా పొందినది. గార్టర్, థిసిల్ అనే రెండు ఆర్డర్లలో (రాజు లేదా రాణి ఎంపిక చేసే గౌరవ బృందాల్లో) చేరిన మహిళలు మాత్రం పుట్టింటితో పనిలేకుండా సొంత పేరు ముందు లేడీ పెట్టుకోవచ్చు. 1972 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మేరీ పీటర్స్ 2019లో గార్టర్ వచ్చాకే లేడీ మేరీ పీటర్స్ అయ్యారు.

మౌంట్‌బాటెన్ కుటుంబాన్ని తీసుకుంటే ఈ పద్ధతంతా ఒక్కచోటే కనిపిస్తుంది. లూయీ మౌంట్‌బాటెన్ మిల్ఫర్డ్ హేవెన్ మార్క్విస్‌కు చిన్న కొడుకు, అందుకే ‘లార్డ్ లూయీ’. 1922లో పెళ్లయిన రోజు నుంచి ఎడ్వినా ‘లేడీ లూయీ మౌంట్‌బాటెన్’. ఆడమనిషికి మగపేరేమిటని మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ వాళ్ల లెక్కలో అదే సరైన పేరు. విన్‌స్టన్ చర్చిల్ తల్లి జెన్నీని లేడీ రాండాల్ఫ్ చర్చిల్ అన్నదీ ఇందుకే. ఎడ్వినా తండ్రికి 1932లో బారన్ హోదా వచ్చింది. బారన్ కూతురికి ‘లేడీ’ రాదు, ‘ఆనరబుల్’ మాత్రమే వస్తుంది. కాబట్టి ‘లేడీ ఎడ్వినా’కు పుట్టింటి దారి కూడా లేదు. 1946లో భర్త వైకౌంట్ కాగానే లేడీ లూయీ పోయి, ఆమె లేడీ మౌంట్‌బాటెన్ అయ్యారు. వైస్రాయ్ భార్యగా ఢిల్లీ వచ్చేనాటికి ఆమె పేరు అదే. 1947 అక్టోబరులో ఆయన ఎర్ల్ అయ్యాక ఆమె కౌంటెస్. కానీ కౌంటెస్ అన్నది కవరు మీదా రికార్డుల్లోనూ ఉండే మాట, ఎదురుగా పిలిచేటప్పుడు ‘లేడీ మౌంట్‌బాటెన్’ అనే అంటారు. మార్షనెస్‌కూ (మార్క్విస్ భార్య) వైకౌంటెస్‌కూ ఇదే పద్ధతి.

కూతుళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. తండ్రి ఎర్ల్ కావడంతో చిన్నకూతురు పమేలా ‘లేడీ పమేలా’ అయ్యారు. 1960లో ఏ బిరుదూ లేని డేవిడ్ హిక్స్‌ను పెళ్లాడినా లేడీ పోలేదు, ఇంటిపేరు మాత్రం మారి ‘లేడీ పమేలా హిక్స్’ అయింది. పెద్దకూతురు పట్రీషియా 1946లోనే బారన్ బ్రేబోర్న్‌ను చేసుకున్నారు. అంటే ఆమె లేడీ బ్రేబోర్న్. మరుసటి ఏడాది తండ్రి ఎర్ల్ అయినా ఆమె ‘లేడీ పట్రీషియా’ కాలేదు, ఎందుకంటే పీర్‌ను పెళ్లాడిన స్త్రీ భర్త హోదానే తీసుకుంటుంది. మౌంట్‌బాటెన్‌కు కొడుకులు లేరు, బిరుదు కూతుళ్లకు వెళ్లేలా ముందే రాయించుకున్నారు. అందువల్ల 1979లో ఆయన హత్య తర్వాత పట్రీషియా తన హక్కుతోనే కౌంటెస్ అయ్యారు. ఆమె భర్త మాత్రం లార్డ్ బ్రేబోర్న్‌గానే ఉండిపోయారు. భర్త హోదా భార్యకు పాకుతుంది, భార్య హోదా భర్తకు పాకదు. ఈ అసమానత ఇప్పటికీ అలాగే ఉండటం నాకు అన్యాయంగానే తోస్తుంది.

డచెస్‌ను, అంటే డ్యూక్ భార్యను, లేడీ అనకూడదు. నలుగురిలో ‘డచెస్’, లాంఛనంగా ‘యువర్ గ్రేస్’. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

సర్ బిరుదు ఉన్నవాళ్ల భార్యల దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. సర్ తర్వాత సొంత పేరు రావాలి: సర్ ఆర్థర్ కాటన్, లేదా సర్ ఆర్థర్. ‘సర్ కాటన్’ అనడం తప్పు. భార్యకు మాత్రం లేడీ తర్వాత నేరుగా ఇంటిపేరే: లేడీ కాటన్. మధ్యలో ఆమె పేరు ఇరికిస్తే ఆమెను ఏ ఎర్ల్ కూతురో చేసినట్టు. అలాగే మహిళలకు ‘సర్’కు బదులుగా ఇచ్చే డేమ్ తర్వాత సొంత పేరు: డేమ్ జూడీ డెంచ్, డేమ్ జూడీ, అంతేగానీ ‘డేమ్ డెంచ్’ కాదు.

పైకి ఒకేలా కనిపించే పేరు వెనక వేర్వేరు దారులుండొచ్చు. 1990లో బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ భర్త డెనిస్‌కు బారనెట్ హోదా (వంశపారంపర్యంగా వచ్చే ‘సర్’) ప్రకటించారు. ఆ లెక్కన మార్గరెట్ అప్పుడే లేడీ థాచర్ అనిపించుకోవచ్చు, కానీ ఆమె మిసెస్ థాచర్‌గానే కొనసాగారు. 1992లో సొంతంగా బారొనెస్ (మహిళా బారన్) అయ్యాక వచ్చిన లేడీ థాచర్ వేరు, అది ఆమెదే. తేడా కవరు మీద తెలుస్తుంది: బారన్ భార్యకు ‘ది లేడీ ఫలానా’ అని రాస్తారు, సర్ భార్యకో బారనెట్ భార్యకో ముందు ‘ది’ ఉండదు.

విడాకులైతే సొంత పేరు, కామా, ఆ తర్వాత బిరుదు. 1975లో తండ్రి ఎర్ల్ అయ్యాక ‘లేడీ డయానా స్పెన్సర్’ అయిన ఆమె, 1981 పెళ్లితో ‘ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్’ అయ్యారు, 1996 విడాకుల తర్వాత ‘డయానా, ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్’ అయ్యారు. జనం నోట నానిన ‘ప్రిన్సెస్ డయానా’ ఎప్పుడూ అధికారిక పేరు కాదు. భర్త పోయినవాళ్లు ‘డవేజర్’ అని చేర్చుకోవచ్చు, లేదా విడాకులైనవాళ్లలాగే సొంత పేరు, కామా వాడుకోవచ్చు.

మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త బిరుదు వదులుకోవాలన్నది నియమం, ఆచరణలో అందరూ పాటించలేదు. కాటన్ దొర జీవితచరిత్ర రాసింది ఆయన కూతురు ఎలిజబెత్. 1900లో వచ్చిన ఆ పుస్తకం మీద రచయిత్రి పేరు లేడీ హోప్. ఆ హోప్, 1881లో చనిపోయిన ఆమె మొదటి భర్త, అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్. ఆమె 1893లో డెన్నీ అనే వ్యాపారిని పెళ్లాడారు. నియమం ప్రకారం అప్పటికి ఆమె మిసెస్ డెన్నీ. అయినా పాఠకులకు తెలిసిన పేరు వదులుకోలేదు. గ్రంథసూచిలో ఆమెను లేడీ హోప్ అనే రాయాలి, పుస్తకం మీద ఉన్నది అదే. ‘లేడీ ఎలిజబెత్’ అని మాత్రం ఎక్కడా రాయకూడదు.