బిల్డింగ్ సర్వీసెస్ పేపర్: మార్కులు పోయేదీ వచ్చేదీ మెకానికల్, ఎలక్ట్రికల్ కలిసే చోటే

భవనాల్లో ఏసీ, పంపులు, కరెంటు ఏర్పాట్ల మీద ఉండే ఈ పేపర్ మొదటిసారి రాసినప్పుడు నన్ను దెబ్బతీసింది ఒకే ఒక్క లెక్క. 100 టన్నుల వాటర్ కూల్డ్ చిల్లర్ (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే యంత్రం), 400 వోల్టుల త్రీ ఫేజ్ సప్లై, పవర్ ఫ్యాక్టర్ 0.9, టన్నుకు 0.65 కిలోవాట్. ఎంత కరెంటు తీసుకుంటుందో కనుక్కోమన్నారు. టన్ను కూలింగ్ అంటే 3.517 కిలోవాట్లని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. 352 కిలోవాట్లు వేసి, 564 ఆంపియర్లు తెచ్చి, కింద గీత కూడా గీశాను. ఆ 0.65 ఎందుకిచ్చారో అర్థం కాక వదిలేశాను.

బయటికొచ్చాక పక్కన కూర్చున్న అబ్బాయి 104 ఆంపియర్లు అన్నాడు. అదే కరెక్టు. 352 అనేది చిల్లర్ లాగేసే వేడి, అది తినే కరెంటు కాదు. కంప్రెసర్ వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోస్తుంది, ఆ తోసే పనికి దానికి కావాల్సింది 65 కిలోవాట్లే. మెకానికల్ వాళ్లు "350 కిలోవాట్ల చిల్లర్" అంటే ఎలక్ట్రికల్ వాళ్లు దాన్ని కరెంటు లోడనుకుని ట్రాన్స్‌ఫార్మర్ సైజు వేశారనుకోండి, ఏమవుతుందో ఊహించండి. నేను పేపర్ మీద చేసిన తప్పు అదే.

తర్వాత నా ప్రిపరేషన్ మొత్తం తిరగేసి చూసుకున్నాను. పొద్దున ఏసీ, పంపులు. సాయంత్రం కేబుల్స్, స్విచ్‌గేర్. రెండు నోట్‌బుక్‌లు. ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లోకి ఎప్పుడూ వెళ్లలేదు. పేపర్‌లో మాత్రం ప్రశ్నలు ఆ రెండింటి మధ్య నుంచే వచ్చాయి.

రెండోసారి ఒకే పెద్ద షీట్ పెట్టుకున్నాను, సైట్‌లో వాడే లోడ్ లిస్ట్ లాగా. ఒక్కో యంత్రానికి ఒక్కో వరుస. అది చేసే పని, మోటార్ కిలోవాట్లు, వోల్టేజి, ఫేజులు, ఫుల్ లోడ్ కరెంటు, స్టార్టర్ (మోటార్‌ని లేపే పరికరం) రకం, బ్రేకర్, కేబుల్, పనిచేసేదా స్టాండ్‌బైనా, జనరేటర్ మీద ఉందా లేదా, మంటలొస్తే ఆగాలా నడవాలా. మీరు ఇంకేం చేయకపోయినా ఈ షీట్ ఒక్కటి చేతితో వేయండి. ప్రింట్ తీసుకుంటే లాభం లేదు.

ఒక వరుస తీసుకుందాం. చిల్డ్ వాటర్ పంపు (చిల్లర్ చల్లబరిచిన నీళ్లు తిప్పేది), 30 కిలోవాట్ల మోటార్. పవర్ ఫ్యాక్టర్ 0.85, ఎఫిషియన్సీ 0.92 అనుకుంటే సుమారు 55 ఆంపియర్లు, కాబట్టి 63 ఆంపియర్ల బ్రేకర్ పెట్టారు. మధ్యలో పైపుల దారి మారి హెడ్ (నీళ్లు తోయడానికి పంపు ఇవ్వాల్సిన ఒత్తిడి) పెరిగింది, మెకానికల్ వాళ్లు మోటార్‌ని 37 కిలోవాట్లు చేశారు. వాళ్ల డ్రాయింగ్‌లో అది ఒక్క అంకె మార్పు. ఎలక్ట్రికల్ వైపు కరెంటు 68 దాటింది, ఆ 63 బ్రేకర్ ఇక పనికిరాదు. కేబుల్, స్టార్టర్, ఓవర్‌లోడ్ రిలే (లోడు ఎక్కువైతే మోటార్‌ని ఆపేసేది), ఒక్కోసారి ప్యానెల్ సైజు కూడా మారాలి. ఈ గొలుసు మొత్తం మూడు నిమిషాల్లో రాయగలిగేదాకా నేను ప్రాక్టీస్ చేశాను.

స్టార్టర్ దగ్గర కాస్త ఆగండి, ప్రశ్నలు దాక్కునేది అక్కడే. డైరెక్ట్ ఆన్‌లైన్‌లో, అంటే నేరుగా పూర్తి వోల్టేజి ఇస్తే, మోటార్ లేచేటప్పుడు మామూలు కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది. స్టార్ డెల్టా (ముందు తక్కువ వోల్టేజితో లేపి, తర్వాత పూర్తి వోల్టేజికి మార్చేది) పెడితే లైన్ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, కానీ టార్క్ (తిప్పే బలం) కూడా మూడో వంతే అవుతుంది. అందుకే లోడుతో లేవాల్సిన యంత్రానికి అది సరిపోకపోవచ్చు. ఇంకో సంగతి, స్టార్ డెల్టాకి మోటార్ దాకా ఆరు వైర్లు వెళ్లాలి. మూడే వైర్లు లాగేసి ఉంటే కేబుల్ మళ్లీ వేయాల్సిందే. పంపుకి వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే పరికరం) పెడితే స్పీడు 80 శాతానికి తగ్గినప్పుడు పవర్ సుమారు 51 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే పవర్ స్పీడు ఘనాన్ని బట్టి మారుతుంది. ఆ లాభంతో పాటు సప్లైలోకి హార్మోనిక్స్ (కరెంటు తరంగాన్ని చెడగొట్టే అదనపు ఫ్రీక్వెన్సీలు) వస్తాయని కూడా రాయండి. లాభం ఒక్కటే రాసి ఆపేస్తే జవాబు సగమే.

జనరేటర్ ప్రశ్నల్లో నడిచే లోడ్ ఒక్కటే కూడితే చాలదు. మోటార్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజి పడిపోతుంది. టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 20 శాతం పడితే మిగిలేది 64 శాతమే. అందుకే వరుసగా, గ్యాప్ ఇచ్చి లేపాలి. పనిచేసే రెండు పంపులకి ఒక స్టాండ్‌బై ఉంటే ఆ మూడోదాన్ని గరిష్ఠ డిమాండ్‌లో కలపకండి, కానీ దానికీ ఫీడర్ (ప్యానెల్ నుంచి కరెంటు లైను) ఇవ్వాలి.

మంటల కాలమ్ చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి. మామూలు ఏసీ ఫ్యాన్లు ఆగాలి, పొగ లాగే ఫ్యాన్లు, మెట్లలో గాలి నింపే ఫ్యాన్లు నడవాలి. ఫైర్ పంపుకి మిగతా మోటార్ల లాగా ఓవర్‌లోడ్ ట్రిప్ పెట్టరు. మోటార్ కాలిపోయినా ఫర్వాలేదు, నీళ్లు మాత్రం ఆగకూడదు. ఈ ఒక్క వాక్యం అర్థమైతే ఆ టాపిక్‌లో సగం గుర్తుంటుంది.

ఐసోలేటర్లు (రిపేరుకి కరెంటు పూర్తిగా తీసేసే స్విచ్‌లు), బీఎంఎస్ (భవనంలోని యంత్రాల్ని కంప్యూటర్ నుంచి చూసుకునే వ్యవస్థ) సిగ్నల్స్ ఒక్క రోజులో అయిపోతాయి. ప్యానెల్ మీదుగా నీళ్ల పైపు వెళ్లకూడదు, ప్యానెల్ ముందు తలుపు తెరిచి మనిషి నిలబడి పనిచేసేంత ఖాళీ ఉండాలి అన్నవి డ్రాయింగ్ చూసి తప్పులు పట్టమన్నప్పుడు పనికొచ్చాయి.

ఇంటర్వ్యూలో నన్ను మొదట అడిగింది, "పవర్ పోయి తిరిగొచ్చింది, ప్లాంట్‌ని ఏ వరుసలో లేపుతారు?" అని. ముందు చిల్డ్ వాటర్ పంపు, తర్వాత కండెన్సర్ పంపు (చిల్లర్ వేడిని నీళ్లతో కూలింగ్ టవర్‌కి తోసేది), కూలింగ్ టవర్ ఫ్యాన్, నీళ్లు పారుతున్నాయని ఫ్లో స్విచ్ చెప్పాకే చిల్లర్ అన్నాను. "ఆ ఫ్లో స్విచ్ వైర్ ఎవరు లాగాలి, మెకానికల్ కాంట్రాక్టరా, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరా?" అన్నారాయన. నా షీట్‌లో ఆ కాలమ్ లేదు. స్కోప్‌లో (ఏ పని ఎవరిదో చెప్పే కాంట్రాక్టు భాగంలో) రాసి ఉండాలి, రాయకపోతే ఇద్దరూ లాగరు, చిల్లర్ లేవదు అన్నాను. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్లారు. ఆ రాత్రే షీట్ చివర "ఎవరి పని" అని ఇంకో గీత కొట్టాను. మీరు మొదటి రోజే కొట్టుకోండి.